వాళ్లకు షౌక్, మనకు షరమ్



ఒక మాట సూటిగా చెప్తాను. కోపం వస్తే మొత్తం చదివాక కోప్పడండి. మన ఊళ్లలో సైకిల్‌ని ఇన్నేళ్లు నడిపించిన చేతుల్లో సాయిబుల చేతులు చాలా ఉన్నాయి. ఇవాళ ఆ సైకిల్ అంటే అందరికంటే ఎక్కువ సిగ్గుపడేది కూడా మనమే. ఆ షరమ్ వల్ల నష్టపోతున్నది మన ఇంటి ఆడపిల్లలు.

విశాఖపట్నం నుంచి భోగాపురం, పూసపాటిరేగ, రణస్థలం, ఎచ్చెర్ల మీదుగా శ్రీకాకుళం వచ్చే 16వ నంబరు హైవే మీద అప్పుడప్పుడు ఫజర్ వేళకి ఒక గుంపు కనిపిస్తుంది. తలకి హెల్మెట్, ఒంటి మీద మెరిసే పట్టీల కోటు, సీటు కింద ఎర్ర లైటు, సన్న టైర్ల సైకిలు. డాక్టర్లు, ఇంజనీర్లు, బ్యాంకు ఆఫీసర్లు. విశాఖ నుంచి సిక్కోలు దాకా వచ్చి తిరిగి వెళ్తే 200 కిలోమీటర్ల పైమాటే. ఇలాంటి సవారీని బ్రెవే అంటారు. ఫ్రెంచి మాట, సర్టిఫికెట్ అని అర్థం. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 అయితే 20 గంటల్లో, 400 అయితే 27 గంటల్లో, 600 అయితే 40 గంటల్లో పూర్తి చెయ్యాలి. ఒకే ఏడాదిలో ఈ నాలుగూ చేసినవాడికి ఒక బిరుదు ఇస్తారు. వీటన్నిటికీ మూలం 1891లో ఫ్రాన్సులో మొదలైన పారిస్-బ్రెస్ట్-పారిస్ సవారీ. ఇప్పుడు అది నాలుగేళ్లకోసారి జరుగుతుంది. 1200 కిలోమీటర్లు, 90 గంటలు. మన దేశం నుంచి కూడా వందల మంది వెళ్తున్నారు.

నాకు వాళ్ల మీద హసద్ లేదు. నిజం చెప్పాలంటే ముచ్చటేస్తుంది. ఎవరినీ ఓడించక్కర్లేని ఆట అది. ముందొచ్చినవాడికీ చివర వచ్చినవాడికీ ఒకటే సర్టిఫికెట్. వెంట సొంత కారు రాకూడదు. ఆకలేస్తే దారిలో దొరికిన హోటల్లో తినాలి, టైరు దిగిపోతే సొంతంగా వేసుకోవాలి, లేదా దారిలో దుకాణం వెతుక్కోవాలి. ముసాఫిర్‌కి ఉండాల్సిన సబర్ అంతా అందులో ఉంది.

అదే హైవే మీద 2020 వేసవిలో ఇంకో రకం సైకిళ్లు వెళ్లాయి. లాక్‌డౌన్‌లో పని పోయిన కూలీలు చెన్నై వైపు నుంచి ఒడిశాకీ, ఇంకా పైకీ ఇచ్ఛాపురం మీదుగా తొక్కుకుంటూ పోయారు. క్యారియర్ మీద బట్టల మూట, హాండిల్‌కి నీళ్ల సీసా. వాళ్లకి ఎవరూ టైము రాసుకోలేదు, మెడల్ ఇవ్వలేదు. అదే నెలల్లో బిహార్ అమ్మాయి జ్యోతి కుమారి, పదిహేనేళ్ల పిల్ల, దెబ్బ తగిలిన తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని గురుగ్రామ్ నుంచి దర్భంగా దాకా దాదాపు 1200 కిలోమీటర్లు తొక్కింది. పారిస్ నుంచి బ్రెస్ట్ పోయి తిరిగి వచ్చినంత దూరం. ఒకడికి షౌక్, ఒకడికి మజ్‌బూరీ. సైకిలు మాత్రం ఒక్కటే. తొక్కేవాడి తాకత్ తప్ప అది ఇంకేదీ అడగదు.

ఇక పాత సైకిళ్ల షౌక్ సంగతి. ఇటలీలో 1997 నుంచి ఎరోయికా అని ఒక సవారీ జరుగుతోంది. 1987కి ముందు తయారైన పాత రేసు సైకిళ్ల మీద కంకర రోడ్లు తొక్కుతారు. లండన్‌లో 2009 నుంచి తాతల నాటి కోట్లు వేసుకుని పాత సైకిళ్ల మీద ఊరేగుతారు. మన దగ్గర కూడా ఆ గాలి తగిలింది. రాలీ, హంబర్, ఫిలిప్స్, బీఎస్ఏ, హెర్క్యులిస్. కడ్డీ బ్రేకులు, 28 అంగుళాల చక్రాలు, తోలు సీటు, డైనమో లైటు. వెతికి వెతికి కొంటున్నారు, తుడిచి హాల్లో పెట్టుకుంటున్నారు. సోనీపత్‌లో 1951లో పుట్టిన అట్లాస్ కంపెనీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం నాడే, సాహిబాబాద్ కార్ఖానా ఆపేసింది. ఇక అట్లాస్ కూడా మ్యూజియం సామానే అవుతుంది.

ఈ షౌకీన్లకు నాదో సవాల్. మీ రాలీ డెబ్బై ఏళ్లు ఎలా బతికింది? కాటర్ పిన్ను అరిగిపోతే ఆకురాయితో రాకి కొత్తది కూర్చోబెట్టింది ఎవరు? రిమ్ము వంకర పోతే చక్రాన్ని వేలితో తిప్పుతూ, ఒక్కో పుల్లా బిగిస్తూ సరిచేసింది ఎవరు? విజయనగరంలో మా అబ్బా కిరాయి సైకిళ్ల దుకాణం నడిపేవారు. బాబామెట్ట ఖాదర్ బాబా ఉరుసు వచ్చిందంటే నెల్లిమర్ల నుంచి, గజపతినగరం నుంచి సైకిళ్ల మీద జనం దిగేవాళ్లు. హిందువులు, ముసల్మాన్లు అందరూ. దర్గాకి వెళ్లే ముందు అబ్బా దగ్గర గాలి కొట్టించుకునేవాళ్లు. "సాయిబూ, బ్రేకు ఓసారి సూడు" అనేవాళ్లు. నల్లబడ్డ ప్లాస్టిక్ టబ్బులో ట్యూబు ముంచితే బుడగ ఎక్కడ లేస్తుందో కళ్లతో కాదు, చెవితో పట్టేవారు అబ్బా. అది హునర్. ఉస్తాద్ దగ్గర షాగిర్దుగా ఏళ్ల తరబడి దెబ్బలు తిని నేర్చుకున్నది. పాత సైకిల్ ఫొటోల్లో సైకిల్ ఉంటుంది, దాని మీద కూర్చున్న సార్ ఉంటాడు. ఆ ఉస్తాద్ ఎక్కడా ఉండడు. తర్వాతిసారి ఫొటో దిగేటప్పుడు ఆయన్ని కూడా పక్కన నిలబెట్టండి. ఆయన అడిగిన డబ్బులు బేరమాడకుండా ఇవ్వండి. మీతో నా తకరారు ఇంతే.

అసలు తకరారు మనవాళ్లతో.

"పంక్చర్‌వాలా" అనే మాట ఇవాళ మనకి తిట్టుగా మారింది. ఫోన్లలో తిరిగే వెకిలి బొమ్మల్లో ముసల్మాన్ అంటే పంక్చర్లు వేసేవాడు. 2025 ఏప్రిల్ 14న హిసార్ సభలో ప్రధానమంత్రి కూడా వక్ఫ్ ఆస్తుల గురించి మాట్లాడుతూ, వాటిని నిజాయితీగా వాడి ఉంటే ముస్లిం యువకులకి సైకిల్ పంక్చర్లు వేసుకుని బతికే అవసరం ఉండేది కాదన్నారు. వక్ఫ్ జమీన్లు ఎవరు తిన్నారు, ఎంత తిన్నారు అనేది వేరే లెక్క. అందులో మన పెద్దల చేతులూ శుభ్రంగా లేవు, అది ఇంకోసారి రాస్తాను. ఆ రోజు మాత్రం మనవాళ్లంతా ఒక్క గొంతుతో మండిపడ్డారు. మా మెహనత్‌ని అవమానిస్తారా అన్నారు. సబబే. నేనూ మండిపడ్డాను.

అయితే భాయీ, అదే మెహనత్‌కి మన ఇళ్లలో ఎంత ఇజ్జత్ ఉంది?

పెళ్లి పైగామ్ వచ్చినప్పుడు చూడండి. "లడ్కే కే అబ్బా క్యా కర్తే?" అని అడుగుతారు. సైకిల్ దుకాణం అని ఏ తల్లీ చెప్పదు. "స్పేర్ పార్ట్స్ బిజినెస్" అంటారు. ఇంకొంచెం ధైర్యం ఉన్నవాళ్లు "ఆటోమొబైల్ లైన్" అంటారు. నాకు తెలిసిన ఒక ఖాందాన్‌లో తండ్రి ముప్పై ఏళ్లు పంక్చర్లు వేసి ముగ్గురు కొడుకుల్ని డిగ్రీ దాకా చదివించాడు. కొడుకులు ఉద్యోగాల్లోకి వెళ్లిన వారం రోజులకి ఆయన పాత సైకిల్ని పాత ఇనప సామాన్ల బండికి వేసేశారు. ఇంటి ముందు ఉంటే బాగోదట. ఆ ముసలాయన ఏమీ అనలేదు. మసీదుకి నడిచి వెళ్లడం మొదలుపెట్టాడు, మోకాళ్లు నొప్పెడుతున్నా. ఆ సైకిల్‌ని ఏ షౌకీనో కొని ఉంటే ఈపాటికి దానికి కొత్త రంగు వేసి ఊరేగింపుకి తీసుకెళ్లేవాడు.

2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం మన పనివాళ్లలో దాదాపు 61 శాతం మంది సొంత పని చేసుకుని బతికేవాళ్లే. నెల జీతాలు కావు. దుకాణం, బండి, రిపేరు, కుట్టు మిషను. మన కౌమ్‌ని నిలబెట్టింది ఆ చేతులు. హజ్రత్ దావూద్ అలైహిస్సలాం పాదుషా అయి కూడా తన చేతి కష్టంతోనే తినేవారని, చేతి కష్టంతో తిన్న కూడుకంటే మంచి కూడు లేదని మన నబీ (స) చెప్పినట్టు సహీ బుఖారీలో ఉంది. జుమా ఖుత్బాలో విని సుబ్‌హానల్లా అంటాం. బయటికి వచ్చి చెప్పులేసుకునేలోపు మర్చిపోతాం.

ఇదంతా మగవాళ్ల షరమ్. ఇదే షరమ్ ఇంట్లోకి వెళ్లాక ఆడపిల్లల మీద పడుతుంది. అక్కడ దానికి పర్దా అని పేరు పెడతాం.

కొన్నేళ్ల కింద మన రాష్ట్రంలో "బడికొస్తా" అనే పథకం కింద ప్రభుత్వ హైస్కూళ్లలో చదివే ఆడపిల్లలకి సైకిళ్లు ఇచ్చారు. సిక్కోలు జిల్లాలో మా బంధువుల ఇంట్లో ఒక పిల్లకి వచ్చింది. చదువులో చురుకైన పిల్ల. సైకిల్ ఇంటికొచ్చిన రోజు దాని సీటు మీద కవరు కూడా తీయలేదు. "బడీ హో గయీ, సడక్ పో సైకిల్ క్యా చలాతీ?" అన్నారు నానమ్మగారు. అంతే. ఆర్నెల్లు వరండాలో నిలబడింది, దాని మీద తడి బట్టలు ఆరేశారు. తర్వాత తమ్ముడు తొక్కాడు, ట్యూషన్‌కి. పదో తరగతి అయ్యాక కాలేజీ దూరం అన్నారు, ఆటో ఖర్చు అన్నారు, ఆ పిల్ల చదువు ఆగిపోయింది. ఇంటి నుంచి కాలేజీకి అయిదు కిలోమీటర్లు. సైకిల్ మీద అరగంట కూడా పట్టదు. ఆ అరగంటకి భయపడి ఒక పిల్ల తాలీమ్ ఆపేశాం. ఇప్పుడు ఆ పిల్ల చెల్లెలు తొమ్మిదో తరగతిలో ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

మీరు చెప్పే కారణాలన్నీ నాకు తెలుసు. ఒక్కొక్కటే తీసుకుందాం.

మొదటిది, దీన్‌లో లేదంటారు. నేను ఆలిమ్‌ని కాను. అందరికీ తెలిసినదే చెప్తాను. నబీ (స) సఫర్‌లో ఉండగా జనాన్ని ముందుకు పొమ్మని, హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. మొదటిసారి ఆమె గెలిచారు. కొన్నేళ్ల తర్వాత మళ్లీ పరిగెత్తితే ఆయన గెలిచి, ఆ ఓటమికి ఇది బదులని నవ్వారు. అబూ దావూద్ హదీసుల్లో ఉంది. ఒంటెలెక్కే ఆడవాళ్లలో ఖురైష్ ఆడవాళ్లని మెచ్చుకున్న హదీసు కూడా ఉంది. ఒంటె ఎక్కడం ఐబు కానప్పుడు లేడీస్ సైకిల్ ఎలా ఐబు అవుతుంది? ఆ సైకిల్‌కి మధ్యలో అడ్డ కడ్డీ లేకుండా కిందికి వంచింది ఎందుకనుకున్నారు? పొడుగు గౌన్లు వేసుకునే ఆడవాళ్ల కోసం 1880ల్లోనే అలా చేశారు. సల్వార్ కమీజుకి, పిన్ను పెట్టిన దుపట్టాకి, స్కార్ఫుకి అంతకంటే అనువైన బండి లేదు. చైన్ కవరు ఉన్నది చూసి కొనండి, చాలు.

సౌదీ అరేబియాని మిసాల్ చూపిస్తారు కదా, అక్కడే మారిపోయింది. 2012లో హైఫా అల్ మన్సూర్ అనే సౌదీ ఆవిడ "వజ్దా" అని ఒక సినిమా తీసింది. ఒక చిన్న పిల్ల సైకిల్ కొనుక్కోవాలని పడే ఆరాటమే దాని కథ. మరుసటి ఏడాదే అక్కడ షరతులతో ఆడవాళ్లకి సైకిల్ తొక్కే ఇజాజత్ వచ్చింది. 2018లో కార్లు నడిపే ఇజాజత్ కూడా వచ్చింది. అఫ్గాన్ అమ్మాయి మాసూమా అలీ జాదా తల కప్పుకునే హెల్మెట్ పెట్టుకుని టోక్యో ఒలింపిక్స్‌లో శరణార్థుల జట్టు తరఫున సైకిల్ తొక్కింది. రియాద్ పిల్ల తొక్కొచ్చు, కాబూల్ పిల్ల తొక్కింది, నరసన్నపేట పిల్ల తొక్కకూడదా?

రెండోది అమ్మీలు పైకి చెప్పరు, చెవిలో చెప్తారు. సైకిల్ తొక్కితే ఆడపిల్ల శరీరానికి ఏదో అవుతుందని, రేపు నికాహ్‌కి ఇబ్బంది అవుతుందని. ఏ లేడీ డాక్టర్‌నైనా అడగండి. పిల్ల సైకిల్ తొక్కిందా లేదా అన్నది శరీరం చూసి చెప్పే విద్య ఎక్కడా లేదు. ఆడపిల్ల గుణానికీ దానికీ సంబంధమూ లేదు. ఈ భయం మనది కూడా కాదు. 1890ల్లో యూరప్, అమెరికాల్లో ఆడవాళ్లు సైకిలెక్కినప్పుడు కొందరు డాక్టర్లు "సైకిల్ ముఖం" అని ఒక రోగమే కనిపెట్టారు. తొక్కితే మొహం వికారంగా మారిపోతుందన్నారు. అక్కడ దాన్ని పారేసి నూరేళ్లయింది. మనం ఇంకా మోస్తున్నాం.

మూడోది రోడ్డు భయం. ఇది ఒక్కటే నిజమైన భయం. లారీలు, బస్సులు, తాగి నడిపేవాళ్లు. నేనూ ఆడపిల్ల తండ్రినే. తొమ్మిదో తరగతి పిల్లని హైవే మీద లారీల మధ్యకి పంపమని ఎవరూ అనరు. దూరాలు తొక్కే ఆ డాక్టర్ల దగ్గర, ఇంజనీర్ల దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఇదే. ముందూ వెనకా లైటు లేకుండా, మెరిసే కోటు లేకుండా వాళ్లు చీకట్లో తొక్కరు. సర్వీసు రోడ్డు ఉంటే దాని మీదే వెళ్తారు. జట్టుగా వెళ్తారు, ఒకరి వెనక ఒకరు. చక్రంలో గాలి, బ్రేకు చూసుకుని బయల్దేరతారు. ఈ జాగ్రత్తలు పిల్లలకి నేర్పొచ్చు. నలుగురు పిల్లలు కలిసి సైకిళ్ల మీద వెళ్లడం, పద్నాలుగు మందిని కుక్కిన ఆటోలో అంచున వేలాడుతూ వెళ్లడం కంటే ఖతర్నాక్ ఎలా అవుతుంది?

నాలుగోది అన్నిటికంటే పెద్దది. లోగ్ క్యా కహేంగే. ఉత్తరాంధ్రలో మనం చాలా తక్కువ మందిమి. సిక్కోలు ఒకప్పుడు ఒక సర్కారు, ఫౌజ్‌దార్లు ఏలిన ఊరు. కుతుబ్‌షాహీల కాలం నాటి జామియా మసీదు ఇప్పటికీ ఉంది. ఇప్పుడు మాత్రం ఒకరి ఇంట్లో తుమ్మితే మొహల్లా అంతా దువా చెప్పేంత చిన్న జమాత్ మనది. కాబట్టి మాట పడతామని భయం. సరే. ఆ లోగ్ ఎవరు? మీరు, నేను, మన ఖాలాలు, చాచీలు. మనం నోరు మూసుకుంటే లోగ్ ఏమీ అనరు.

మూసుకున్న చోట ఏమైందో చూడండి. తమిళనాడులో పుదుక్కోట్టై అనే వెనకబడ్డ జిల్లా ఉంది. 1991లో అక్కడ కలెక్టర్ షీలా రాణి చుంకత్ అక్షరాస్యత ఉద్యమంలో సైకిల్‌ని కూడా చేర్చారు. ఏడాదిన్నరలో లక్ష మంది దాకా పల్లె ఆడవాళ్లు నేర్చుకున్నారని మన తెలుగువాడు పాలగుమ్మి సాయినాథ్ రాశారు. వాళ్లలో కట్టుబాట్లు ఎక్కువున్న ముస్లిం ఇళ్ల అమ్మాయిలు కూడా ఉన్నారు. లేడీస్ సైకిళ్లు సరిపోకపోతే మగవాళ్ల సైకిళ్లే ఎక్కేశారు. మొదట్లో ఈలలు వేశారు, వెకిలి మాటలన్నారు. ఇంతమంది రోడ్డెక్కాక ఎవరిని చూసి ఈల వెయ్యాలో వాళ్లకే తెలియలేదు. బిహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిల్ డబ్బులిచ్చారు. తర్వాత పరిశోధకులు లెక్క తీస్తే, ఆ వయసులో హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారు. బడి దూరంగా ఉన్న ఊళ్లలోనే ఎక్కువ మేలు కనిపించింది. ఇంటికీ బడికీ మధ్య ఉన్న ఆ నాలుగైదు కిలోమీటర్లే మన పిల్లల చదువు తింటున్నాయని ఇంకెలా రుజువు చెయ్యాలి?

ఇదే సిక్కోలు మట్టిలో, ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోల బరువెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ మెడల్ గెలిచిన మొదటి భారతీయ ఆడది ఆమె. ఆ రోజు మనమూ మిఠాయిలు పంచాం, మా జిల్లా పిల్ల అన్నాం. ఆమె తల్లిదండ్రులు లోగ్ క్యా కహేంగే అనుకుని ఉంటే మిఠాయిలు ఉండేవా?

ఇక చెయ్యాల్సింది ఏమిటో చెప్తాను, పెద్ద పని కాదు. మన ప్రతి బస్తీలో ఇంకా ఒక సైకిల్ ఉస్తాద్ మిగిలి ఉన్నారు. చాలామందికి పని లేదు. ఈద్‌గాహ్ మైదానం ఏడాదిలో రెండు రోజులు తప్ప ఖాళీగానే ఉంటుంది. కమిటీ పెద్దలు ఆదివారం ఫజర్ తర్వాత రెండు గంటలు ఆడపిల్లలకి ఆ మైదానం ఇవ్వాలి. ఉస్తాద్‌కి జమాత్ తరఫున ఉజ్రత్ ఇచ్చి పిలవాలి, ఖిద్మత్ పేరుతో ఉచితంగా చేయించుకోకూడదు. తొక్కడం తల్లులు, అక్కలు నేర్పుతారు. పంక్చర్ వెయ్యడం, చైన్ పెట్టడం, బ్రేకు బిగించడం ఆయన నేర్పుతారు. సొంతంగా పంక్చర్ వేసుకోగలిగిన పిల్ల దారిలో ఎవరి దయ కోసమూ చూడక్కర్లేదు. నెల రోజులకి తండ్రులు కూడా తోడు వెళ్లి విజయనగరం నుంచి నెల్లిమర్ల దాకా, శ్రీకాకుళం నుంచి కళింగపట్నం సముద్రం దాకా ఒక సవారీ చెయ్యండి. మెడల్ ఎవరికి కావాలి, దస్తర్‌ఖాన్ వెంట తీసుకెళ్లండి.

రోడ్డు మీద షౌకీన్లు ఎదురైతే సలాం చెప్పండి. వాళ్లలో ఎవరి సైకిలైనా ఆగిపోయి ఉంటే మన పిల్లనే దిగి పంక్చర్ వెయ్యమనండి. ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా అని వాళ్లు అడిగితే, ఉస్తాద్ పేరూ దుకాణం ఉన్న వీధీ గట్టిగా చెప్పమనండి.

మా బంధువుల ఇంటి చిన్న పిల్ల విషయం ఇంకా తేలలేదు. నానమ్మగారు ససేమిరా అంటున్నారు, తండ్రి ఇటూ అటూ ఊగుతున్నాడు. ఆయన ఇది చదువుతాడని నాకు తెలుసు. భాయిజాన్, జూన్‌లో బడి తెరుస్తారు. అంతకుముందు పన్నెండు ఆదివారాలు ఉన్నాయి. సైకిల్ నేర్చుకోవడానికి నాలుగు చాలు.